పెనాల లెక్క

మా నాయన చెంగల్రాయుడు
రూపాయల్లో లెక్క చెప్పిన మనిషి కాదు.
"దేవకక్కను టీచరు ట్రైనింగులో చేర్చేదానికి
ఎంతయింది నాయనా?" అంటే
"నాలుగు నూర్ల పెనాలు" అనేవాడు.
అమ్మ ముక్కుపుడక అరవై,
నా ఎనిమిదో తరగతి నోటుబుక్కులు మూడున్నర,
మిద్దెకు సిమెంటు పూత
ఒక సీజనంతా.

పెనుమూరు చుట్టుపక్కల
ఏ గానుగ దగ్గర పొయ్యి రాజినా
తెల్లారకముందే సైకిలు దిగేవాడు.
క్యారియరుకు కట్టిన డబ్బాలో సంగటి,
సంగటి నడుమ గుంతలో ఊరిబిండి.
చెరుకు పెట్టేదానికి ఒకడు,
పిప్పి ఎగదోసేదానికి ఒకడు,
పాకం చూసేదానికి మాత్రం ఆయనే.
బెండకాడ జిగురుకు మడ్డి పైకి తేలితే
"దాని మురికి అదే బయట పెట్టుకుంటా ఉంది,
మనుషులకు చాతకాదు ఆ పని" అని
జల్లిగంటెతో తీసి పారేసేవాడు.

చెంబునీళ్ళలో వేళ్ళు ముంచి
కుతకుతలాడే పాకాన్ని చటుక్కున తీసి
మళ్ళీ నీళ్ళలో ముంచి
రవ్వంత ఉండ చేసి చెంబుకేసి కొడితే
టంగుమనాల.
అన్నాకనే అరిచేవాడు, "దించండ్రా!"
ఆ మాటకు నలుగురు మనుషులు
ఒక్కసారిగా లేచి పెనం పట్టేవాళ్ళు.
ఇంట్లో ఆయన మాటకు
పిల్లి కూడా లేచేది కాదు.
ఇంట్లో దించేదీ ఎక్కించేదీ
మా అమ్మ కుప్పమ్మే.

ఆరకముందే ముద్ద పట్టాల బెల్లం.
ఆరితే మాట వినదు.
కాలే బెల్లాన్ని అరచేతుల్లో తిప్పి
పైన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి
గోనెపట్ట మీద పెట్టేవాడు.
ఆ నొక్కు చూసి చిత్తూరు మండీలో
ధర అడక్కుండా కొనేవాళ్ళు ఉండేవాళ్ళంట.
ఇది ఆయన చెప్పింది కాదు,
అంత మాట ఆయన చెప్పడు.
తీపి ముట్టేవాడు కాదు.
కాఫీ కూడా చేదుగానే.
"ఇన్నేండ్లు ముక్కుతో తింటిని కదరా, చాలు."

బావులెండిన నాలుగేండ్లు
చెరుకు లేదు, గానుగ లేదు.
దామలచెరువు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
రాత్రిపూట కాపలా.
తెల్లారి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు,
పచ్చి వాసన పడదని ముక్కుకు తువ్వాలు కట్టుకుని.
మా తమ్ముడికి మెదడువాపు వచ్చిందీ
వేలూరు ఆస్పత్రిలో నలభై దినాలు ఉన్నిందీ అప్పుడే.
దానికి ఎంతయిందో
మాకు ఇప్పటికీ తెలియదు.
ఆ లెక్క పెనాల్లో లేదు.
తమ్ముడు బతికినాడు.
సైకిలు మాత్రం ఆ ఏడు నుంచి మా ఇంట్లో లేదు.

ఎనభై ఆరో ఏట పింఛను కోసం
సచివాలయానికి పిల్చకపోయినాను.
ఆ పాప బొటనవేలు పెట్టమనింది,
తుడిచి పెట్టమనింది, ఇంకోటి పెట్టమనింది.
పది వేళ్ళూ అయిపోయినాయి.
"తాతకు ముద్రలు లేవు సార్" అనింది నాతో.
నాయన తన చేతులు తిప్పి చూసుకుని
"యాడో పెట్టేసినట్టుండానమ్మా" అన్నాడు.
ఆ పాప నవ్వింది.
కంటితో తీసుకున్నారు.

తొంభై ఒకటో ఏట, చిత్తూరు పెద్దాస్పత్రిలో,
మూడు దినాలుగా మాట లేని మనిషి
నడిరేయి దాటినాక గట్టిగా అన్నాడు:
"దించండ్రా, పాకం దాటిపోతాది!"
అక్క, నేను, తమ్ముడు, డ్యూటీ నర్సు
నలుగురం లేచి నిలబడినాము.
ఎక్కడ పట్టుకోవాలో
ఏం దించాలో తెలియక
అట్లే నిలబడినాము.

దినాలు ముగిసినాక
తమ్ముడు కాగితం ముందర పెట్టుకుని కూర్చున్నాడు.
బండికి, పలకలవాళ్ళకు, గుంత తీసినవాళ్ళకు,
పూలకు, భోజనాలకు, అరటాకులకు.
రెండుసార్లు కూడి మొత్తం చదివినాడు.
"అంటే ఎన్ని పెనాలురా?" అనింది అమ్మ.

ఇప్పుడు పెనానికి కూలి ఎంతో
మాలో ఎవరికీ తెలియదు.