నీళ్ళకి రికార్డు పేరు

ఏప్రిల్. గుంటూరు. స్పాట్ వాల్యుయేషన్.
రేకుల షెడ్డులో మూడో బెంచీ నాది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం
మిర్చి యార్డు మీంచి వస్తోంది:
ముందు తుమ్మించి, తర్వాత పలకరిస్తుంది.

పూటకి పదిహేను పేపర్లు.
పిల్లల పేర్లుండవు, బార్‌కోడు గీతలుంటాయి.
పేరు లేని ఆ పిల్లని
నీళ్ళ పేరు అడిగింది ప్రశ్న:
నీటి రసాయన నామం రాయండి.

జవాబు కీలో ఉంది.
డైహైడ్రోజన్ మోనాక్సైడ్.
ఆక్సిడేన్ అని రాసినా ఒప్పుకోవచ్చు.
హెచ్ టూ ఓ అంటే మాత్రం కుదరదు,
అది సూత్రం, పేరు కాదు.

ఈ బార్‌కోడు ఏం రాసిందో చూడండి
(అక్షరం గుండ్రంగా ఉంది, ఆడపిల్లే అనుకుంటున్నాను):
నీరు, జలము, ఉదకము, తోయము,
సలిలము, అంబువు, పయస్సు.
పదో తరగతి పర్యాయపదాలు
ఒక్కటీ ఒలికిపోకుండా.
చివర్న, ఒకసారి కొట్టేసి మళ్ళీ రాసిన మాట:
మంచినీళ్ళు.

మస్తాన్ వలీ గారికి చూపించాను, చీఫ్ ఆయన.
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
చాలాసేపు నవ్వారు.
"తెలుగు పేపరైతే నేనే వేద్దును రెండు మార్కులు.
ఇక్కడ సున్నా చుట్టండి మాస్టారూ."

ఎర్ర పెన్ను మూత తీశాను.

మా అమ్మకీ రెండు పేర్లు.
రేషన్ కార్డులో నాగరత్నం,
చర్చి రిజిస్టర్లో సౌరమ్మ.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మూడోది కూడా ఉండేది: పద్నాలుగో తట్ట.
పొద్దంతా మిరపకాయలకి తొడిమలు తీసి
దీపాల వేళకి ఇంటికొచ్చి
చేతులు రెండూ గాల్లో పెట్టుకుని కూర్చునేది,
ఎవరి దగ్గరో అరువు తెచ్చినవాటిలా.
ఎనిమిదేళ్ళవాణ్ణి, చెంబుతో పరిగెత్తేవాణ్ణి.
"నీళ్ళు పొయ్యమాకరా, పాకుద్ది.
ఆముదం తే."

ఇప్పుడు నేను పాఠం చెబుతాను:
నీరు సార్వత్రిక ద్రావణి.
ఉప్పు కరుగుతుంది, పటిక కరుగుతుంది.
కారం కరగదు. దానికి నూనె కావాలి.
ఏ సూత్రమూ లేకుండా అమ్మకి తెలిసిన ఆ సంగతి
ఏ ఏడూ నేను క్లాసులో చెప్పలేదు.

మా కాలేజీ బీరువాలో ఒక పాత పుస్తకం.
అందులో హైడ్రోజన్ పేరు ఉదజని,
అంటే ఉదకాన్ని కన్నది.
అక్కకి మూడో నెల అప్పుడు. గొప్పగా వచ్చి అమ్మకి చెబితే
చేటలో బియ్యం ఆపి అడిగింది:
"అయితే ఆయమ్మ నీళ్ళోసుకుంటే
పుట్టినవీ నీళ్ళేనా?"
దానికి ఇప్పటికీ నా దగ్గర కీ లేదు.

నీరు అనే ఏకవచనం ఉంది, నిజమే,
అది పుస్తకాల్లో ఉంటుంది.
డొంక రోడ్డు వీధి కుళాయిలో వచ్చేవి ఎప్పుడూ నీళ్ళే,
ఒక నీళ్ళు అని ఎవరం అనలేం,
గుంపుగా వస్తాయి, గుంపుగా ఆగిపోతాయి.
ఆక్సిడేన్ ఒంటరిది.
ట్యాంకరు చుట్టూ బిందెలు పట్టుకుని
ఆ పేరు మీద ఎవరూ జుట్లు పట్టుకోరు.
కడుపులో మాట చెప్పలేక
ఎవరూ ఆక్సిడేన్ నమలరు.

సున్నా వేశాను. నిబంధన నిబంధనే,
పక్క బెంచీలో కూడా అదే వేస్తారు కదా.
కానీ ఎనిమిది మాటల పక్కనా
ఎనిమిది టిక్కులు పెట్టాను,
పెన్సిల్‌తో, సన్నగా,
కావాలంటే చెరిపేసుకునేలా.

నాలుక పిడచగట్టింది.
అటెండరు ఏసోబుని పిలిచాను.
అణువులూ బంధకోణాలూ
ఇరవై రెండేళ్ళుగా బోధిస్తున్న నోటితో,
"కాసిని మంచినీళ్ళు" అన్నాను.

ఖాళీ క్యాను బోర్లించి చూపించాడు.
"ఇంకా రాలేద్సార్."