నూట ముప్ఫై ఆరు కిలోలు

మూడు కర్రలు కట్టిన ముక్కాలికి వేలాడుతుంది త్రాసు.
కొక్కేనికి గోనెపట్టీ, పట్టీలో గొర్రెపిల్ల.
నాలుగు కాళ్లూ గాలిని తవ్వుతుంటే
ముల్లు ఒక చోట నిలవదు.
"ఇరవై ఆరు! కాదు, ఇరవై రెండు! కాదు కాదు..."
షోదీబెక్‌కి తొమ్మిదేళ్లు. అంకెలంటే వాడికి పందెం.
పిల్ల ఊపిరి బిగబట్టిన ఒకే ఒక్క లిప్తలో
ముల్లు కుదురుతుంది. దాన్నే నేను రాసుకుంటాను:
నాలుగు వందల పదిహేడు, పోతు, అరవయ్యో రోజు,
ఇరవై నాలుగున్నర.

రాత్రి కురిసిన వాన ఉన్నిలో ఓ చెంబెడు మిగిలుందని రాయను.
తల్లి పొదుగు ఇప్పుడే వదిలొచ్చిందని రాయను.
అందుకు గడి లేదు.

ఖోలిక్‌నజర్ త్రాసు వైపు చూడనైనా చూడడు.
నడుము దగ్గర వెన్ను మీద బొటనవేలు నొక్కి
కళ్లు మూసుకుంటాడు,
గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు.
"ఇరవై మూడు" అంటాడు. "మిగతాది వాన."

దుషాన్బేలో మా గదికి ఒకటే కిటికీ, అదీ గ్యారేజీ వైపు.
హిసార్ గొర్రెలు రెండు వందల పది
అక్కడ చుక్కలై మందగా నిలబడతాయి.
నాలుగు సూత్రాలు వేసి చూశాను.
ఒకటి పుట్టినప్పటి బరువునే మింగేసింది,
ఒకటి శీతాకాలాన్ని నమ్మలేదు.
చుక్కలకు ఒదిగింది గోంపెర్ట్స్ గీత.
అది మొదట గొర్రెల కోసం పుట్టింది కాదు,
మనుషులు ఏ వయసులో ఎంతమంది పోతారో
లెక్కగట్టడానికి పుట్టింది.
చావుకి కొలిచి కుట్టిన చొక్కా
ఎదుగుదలకి ఇంత సరిగ్గా ఎలా పట్టిందో
నన్ను అడగకండి, నేనూ ఎవర్నీ అడగలేదు.

డెబ్బై ఒకటో రోజున వంపు తిరుగుతుంది గీత.
ఆ రోజు పెరిగినంతగా ఆ పిల్ల ఇక ఎన్నడూ పెరగదు.
అంతటి రోజు ఏం జరిగిందా అని పుస్తకం తిప్పాను.
నా చేతిరాతే: "మంచు. ఉప్పు అయిపోయింది."

నూట డెబ్బయ్యో రోజు, హిసార్ సంత.
నాలుగు వందల పదిహేడు యాభై ఎనిమిది కిలోలు తూగి
నీలం కామాజ్ ఎక్కింది.
ఆ తర్వాతి గడులన్నీ ఖాళీ.
ఖాళీలంటే సూత్రానికి లెక్కలేదు.
అది గీతను లాక్కుంటూ పోయింది,
రెండేళ్లు, మూడేళ్లు, కాగితం కుడి అంచు దాకా.
అక్కడ రాసింది: నూట ముప్ఫై ఆరు.

మళ్లీ కొండెక్కినప్పుడు ఖోలిక్‌నజర్‌కి చూపించాను.
మడతల్ని అరచేత్తో సాపు చేశాడు.
"ఇంత బరువు ఎప్పటికి వస్తుంది?"
ఎప్పటికీ రాదన్నాను. దగ్గరవుతూనే ఉంటుంది, అంతే.
"సంతకు పోయిందేగా ఇది?"
అవునన్నాను.
"మరి ఇక్కడి నుంచి ఇక్కడి దాకా," వేలు గీత మీద జరిగింది,
"దీన్ని ఎవరు మేపుతున్నారు?"

నా వ్యాసంలో పదమూడు పట్టికలున్నాయి.
దోషాల విస్తృతి ఉంది, నమ్మకపు హద్దులున్నాయి.
ఈ ప్రశ్నకు మాత్రం చోటు దొరకలేదు.
ఒక రాత్రి దాన్ని అడుగున సన్నక్షరాల్లో చేర్చి
పొద్దున్నే తీసేశాను.

ఈ వసంతానికి కొత్త పిల్లలు, కొత్త చెవిబిళ్లలు.
త్రాసు పాతదే, అరకిలో మొగ్గు చూపిస్తుంది.
పని అయ్యాక షోదీబెక్ తనే పట్టీలోకి దూరాడు,
మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఊపిరి బిగబట్టి.
ముప్ఫై ఒకటి.
పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో రాసి పెట్టాను,
గీతేమీ గీయకుండా.

వాడికి నచ్చలేదు.
తాతయ్య బూట్లు వేసుకున్నాడట.
విప్పేసి మళ్లీ తూచమంటున్నాడు.