స్థానం: ఉజ్జాయింపు

హాలిఫాక్స్ నీళ్ళ గొట్టాలన్నీ నా తెర మీద
నీలం గీతలు.
ఏ గీతను నొక్కినా జాతకం విప్పుతుంది:
పుట్టిన ఏడు, లోహం, లావు, లోతు,
ఎన్నిసార్లు పగిలిందీ, ఎవరు అతుకేశారూ.

ఇవాళ నొక్కింది నాలుగంగుళాల పోత ఇనుము.
ఏడు 1931. లోతు గడి ఖాళీ.
స్థానం: ఉజ్జాయింపు.
కాకిలెక్కకు ఆఫీసు పెట్టిన పేరు.

ఏటవాలు వీధిలో పొద్దుట్నుంచీ తవ్వుతున్నాడు తన్వీర్.
పరిచిన రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి,
గొట్టం మాత్రం లేదు.
కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికింది.
"నీ గీత కింద మట్టే ఉంది" అన్నాడు ఫోన్లో.
నా గీత!
నేను పుట్టకముందే ఎవరో గీసింది.

నేలమాళిగలో పాత పటం విప్పాను.
గుడ్డకు అతికించిన కాగితం, కప్పు అడుగు చుట్టిన టీ మరక,
మూలన డబ్ల్యూ.హెచ్.టి. అని పొడి అక్షరాలు,
చీమల బారులాంటి చేతిరాత:
పికర్స్‌గిల్ గారి గేటు స్తంభానికి
మూడడుగుల ఆరంగుళాలు.

ఇప్పుడు గేటు లేదు, స్తంభమూ లేదు.
ఆ ఇంటి వరండా ఉన్నచోట బస్సు మలుపు తిరుగుతుంది.
పన్నెండు ఉపగ్రహాలు కూడబలుక్కుని
నేను నిలబడ్డ చోటును జానెడులో చెప్పగలవు.
ఆ గేటెక్కడో వాటికీ తెలీదు.

నేను వెళ్ళేసరికి గుంత పక్కన
ఇంటి చెప్పులతో ఒక ముసలాయన తిడుతూ ఉన్నాడు.
కుళాయి రాక ఆయన టీ ఆగిపోయిందట.
క్లిఫర్డ్ ఏక్‌రాయిడ్. ముప్ఫయ్యేళ్ళు నీళ్ళ శాఖలోనే.
గొడుగుల బుట్టలోంచి కర్ర తెచ్చాడు,
నడవడానికి కాదు, వినడానికి.
ఒక కొస రోడ్డుకు, ఒక కొస చెవికి ఆన్చి
నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూశాడు.
బస్సు వెళ్ళేదాకా ఆగాడు.
మళ్ళీ విన్నాడు. రెండు బారలు పక్కకి జరిగాడు.

"ఇక్కడ.
బండ అడ్డొచ్చింది, భోజనం వేళ దాటిపోయింది,
పక్కకి తిప్పేశారు. తవ్వినవాళ్ళలో మా నాన్నొకడు.
పటం గీసినాయన అప్పటికే ఇంటికెళ్ళిపోయాడట."

అరగంటలో పార ఖంగుమంది.
తుప్పు పట్టిన మోచెయ్యి, దాని పగులులోంచి
తన్వీర్ చొక్కా నిండా నీళ్ళు.
ముసలాయన నవ్వలేదు. "ఇక టీ?" అన్నాడు.

సాయంత్రం గీతను పట్టుకుని లాగాను,
బండ ఉన్నచోట వంచాను.
ఆధారం గడిలో ఎంచుకోడానికి నాలుగే మాటలు:
సర్వే, పాత పటం, యంత్రం, ఇతరం.
చెవి లేదు.
ఇతరం నొక్కి, వివరాల్లో ఆయన పేరు రాశాను.
ఉజ్జాయింపు కొట్టేయబోయి ఆగాను.

వంపు దాటాక గీత
మళ్ళీ నిటారుగా కొండెక్కుతోంది,
చర్చి దాకా, బడి దాకా.
అక్కడ ఇంకా ఎవరూ తవ్వలేదు.