పావంగుళం

పొద్దున ఆరుంపావు. డులూత్‌లో ఇంకా రాత్రే.
సరస్సు మీది గాలి
గోడల్లేని నాలుగంతస్తుల్లో ఇటు దూరి అటు పోతోంది.
మేం కడుతున్నది ఆసుపత్రి.
మొదటి పేషెంటు మాలోంచి రాకూడదని
నాకు జీతం.

మెట్లు ఇంకా మెట్లు కాలేదు.
ఇనుప పళ్లాలు, ఒకదాని మీద ఒకటి, ఖాళీగా.
కాంక్రీటు వడ్డన వచ్చే గురువారం.
అందాకా ప్రతి పళ్లెంలోనూ ఒక చెక్క ఉండాలి,
అంచుకి సమంగా, కదలకుండా.

టేపు లాగుతాను. ఒకటి, రెండు, మూడు.
కాలికి కళ్లు లేవు, జ్ఞాపకం ఉంది.
మూడు మెట్లెక్కేసరికి ఎత్తు కంఠతా పట్టేసి
ఇక చూడ్డం మానేస్తుంది.
నాలుగోది పావంగుళం పెరిగిందని
దానికెవరు చెప్తారు?
పావంగుళం. ఒక్క శనగగింజ.

మూడో అంతస్తు మలుపు దాటాక, పన్నెండో పళ్లెంలో
చెక్క లేదు.
అంచుదాకా మంచు పేరుకుని ఉంది,
టార్చి వెలుగులో
అచ్చం నిన్ననే పోసి నున్నగా మెత్తిన మెట్టులా.

సుద్దతో అడ్డంగా గీత కొట్టి
కింద ఎర్ర టేపు కట్టేశాను.
నలభై మంది ఆగిపోయారు, నోళ్లలోంచి ఆవిరి.
లిండ్‌క్విస్ట్ వాచీ చూపించాడు.
అతనన్నది ఇంగ్లీషులోనే,
నాకు మాత్రం తెలుగులో వినబడింది:
"ఒక మెట్టు దిగొచ్చు కదమ్మా."
నవ్వొచ్చింది.
నేను చూసినవాళ్లంతా దిగుతూనే పడ్డారు, లిండ్‌క్విస్ట్.

గుంపులో ఒడాలిస్ ఉంది. పంతొమ్మిదేళ్లు,
కరెంటు పని నేర్చుకుంటోంది.
భుజాన వైరు చుట్ట, ఇంకో చేతిలో డ్రిల్లు పెట్టె.
రెయిలింగు గట్టిదే, నేనే ఊపి చూశాను.
పట్టుకోడానికి ఆ పిల్లకి చెయ్యేది?
"సగం ఇక్కడ పెట్టు," అన్నాను. "రెండుసార్లు తిరుగు."
మొహం మాడ్చుకుని పెట్టింది.

హాపలా ముసలి వడ్రంగి.
ఎవరూ పిలవకుండానే టేపు కిందనుంచి వంగి వచ్చాడు.
సుత్తి వెనక కొనతో మంచు పగలగొట్టి,
చేత్తో తోడి,
చంకలోంచి చెక్క తీసి పళ్లెంలో దించాడు.
కొత్తది కాదు. కొలత తీయకుండానే సరిపోయింది.
దాని మీద రెండు గుంటలు, తడి ఆరని రంపపు పొట్టు.
నిన్న సాయంత్రమంతా
ఎవరివో మోకాళ్లు దాని మీద ఆనుకున్నాయి.
నేను అతని మోకాళ్ల వైపు చూడలేదు.
అతను నా మొహం వైపు చూడలేదు.
నాలుగు మేకులు చాలు. ఆరు కొట్టాడు.

ఆరూ యాభై రెండుకి టేపు విప్పాను.
ఒడాలిస్ ఎక్కింది, ఏదో గొణుక్కుంటూ.
పన్నెండో మెట్టు మీద కాలు వేసి తీసింది.
దానికేమీ తెలియలేదు.

"ఏం జరిగింది" అనే గడిలో రాయబోతే
పెన్ను గడ్డకట్టి ఉంది.
కోటు లోపల చంకలో పెట్టుకుని
అది కరిగేదాకా
మొదటి మెట్టు మీద కూచున్నాను.