లోఖ్‌సైటె గీత

బాల్జ్ తాతను వీపున మోసుకొచ్చాను.
మనిషి బరువేం లేడు, దగ్గే బరువు.
ష్వాండెన్ దాటాక బీచ్ చెట్ల మధ్య కాలిబాట,
రాత్రి వానకి ఆకులు జారుతున్నాయి.
మెల్లగా నడుస్తుంటే విసుక్కున్నాడు:
"నేనేమన్నా పలకనా, పగలడానికి?"
అని, పగిలినట్టే దగ్గాడు.

బండ దగ్గర దింపాను.
పైన ఆకుపచ్చా ఎరుపూ కలిసిన
మొరటు ముసలి రాయి.
కింద నల్లగా, పొరలు పొరలుగా
మొన్న మొన్నటి సముద్రపు బురద.
మొన్నంటే, మూడున్నర కోట్ల ఏళ్లు.
రెండిటి మధ్యా జానెడు సున్నపురాయి,
అందులో కత్తి దించి లాగినట్టు
ఒక గీత.

ఎక్కడైనా ముందు పుట్టింది కింద,
తర్వాతది దాని మీద.
మట్టి తప్పని వరస అది.
ఇక్కడ మాత్రం దక్షిణాన్నుంచి
ఒక కొండ కొండే పాక్కుంటూ వచ్చింది.
ఏడాదికి గోరు పెరిగేటంత కూడా నడవకుండానే
మనవడి భుజాలెక్కి కూర్చుంది.
దిగలేదు.

తాత ముసలి రాయి వంక చూడనైనా లేదు.
వంగి, నల్లదాన్ని గోటితో గీరాడు,
చెవి ఆనించి వేలి కణుపుతో కొట్టాడు.
"మోగదు ఇది. మా గనిలోది మోగేది."
మంచి పలకది గంట గొంతు,
చచ్చు పలకది చెక్క గొంతు.

ఒకసారి ఉలి దెబ్బకి రాయి విచ్చుకుంటే
లోపల చేప.
కొండ బరువుకి సాగి సాగి
మూరెడు పొడుగైన చేప.
"దీని మీద ఎవడు రాస్తాడు?" మేస్త్రీ తిట్టాడు.
తాత దాన్ని చొక్కాలో దాచి తెచ్చి
ఆదివారం రెగులాకి ఇచ్చాడు.
పూలు దొరికే నెల కాదది.
అప్పటికింకా ఆమె మా బామ్మ కాదు.

బామ్మ పని గీతలు గీయడం.
వంటింటి బల్ల మీద పలకల దొంతర,
ఒక మేకు, ఒక చెక్క బద్ద.
పలకకి పన్నెండు గీతలు,
వంద పలకలకి ఇంతని కూలి.
అవి ఓడలెక్కి ఎటో పోయేవి.
ఆ గీతల మధ్య ఏ పిల్లలు
ఏ అక్షరాలు దిద్దుకున్నారో ఆమెకి తెలీదు.
ఆమె సంతకం మాత్రం
చివరిదాకా వంకరే.

తాత గీతలో వేలు పెట్టాడు.
కణుపు దాకా లోపలికి పోయింది.
చివరి నుంచి చివరికి నడిపాడు,
ఒకచోట ఆగాడు.
"ఇక్కడ చెయ్యి వణికింది.
రెగులా అయితే తుడిచేసి మళ్లీ గీసేది."

మసి అంటిన వేలు
నా చొక్కాకే తుడిచాడు.
"పద, చలేస్తోంది."
వంగాను.
మళ్లీ భుజాలెక్కాడు.