అయిదు మూతుల మంద

సెప్టెంబరు చివర. గడ్డి అప్పటికే తుప్పురంగు.
ఐసుపెట్టెను ఒళ్లో పెట్టుకుని
గొంబోజావ్ గుడారానికి మూడోసారి వెళ్తున్నాను.
దారి లేదు. పోయినేడు జీపు చక్రాలు గీసిందే దారి.

"కుక్కను పట్టుకోండి!" అని కేకేశాను. మా దగ్గర పలకరింపు అదే.
సెవెల్మా వచ్చింది, మోచేతులదాకా పిండితో.
ముసలాయన లేవలేదు.
ఉప్పు టీ పోశారు. ఆయన గిన్నెకు మాత్రం
ఎర్రదారం కట్టి ఉంది.

"కళ్లు పచ్చబడితే కామెర్లే కదమ్మా.
మనవడికీ అదే, దీనికీ అదే, నాకూ అదే.
మరి ఇన్ని అక్షరాలెందుకు?"

తలుపులోంచి కొండ అంచు చూపించాను.
దుమ్ము లేస్తోంది. "అవేమిటి?"
కళ్లు చికిలించను కూడా లేదు. "గుర్రాలు. పక్కవాళ్లవి."
"ఇక్కడికి కనబడేది దుమ్మేగా?"
"గుర్రం దుమ్ము నిలువుగా లేస్తుంది. గొర్రెది నేలబారున పాకుతుంది.
ఒంటెకి దుమ్మేమిటి, అది తొందరపడితేగా."
"అయిదు మూతుల పశువుల్నీ కాశారు.
నేను కాసేవీ అయిదే."

నవ్వలేదు గానీ గిన్నె కింద పెట్టాడు.

మనవడికి వచ్చిన ఏ మేకపిల్ల.
బడి నీళ్లతొట్టిలోంచి దూకింది, కడగని చేతులమీదల్లా గెంతింది,
నెలన్నర ఇల్లు తొక్కి పోయింది.
మళ్లీ వాడి గుమ్మం ఎక్కదు.
'ఈ' కూడా నీళ్లదారినే వస్తుంది, దక్షిణాన వరదల వెనకాల.
కడుపుతో ఉన్నవాళ్లు ఎదురైతే కనికరించదంటారు.
నేను చూడలేదు. చూడనిదాని గురించి ఎక్కువ చెప్పను.

సెవెల్మాది సీ. ఒంటె.
పన్ను పీకిన పటకారుతోనో, సరిగా ఉడకని సూదితోనో
నెత్తుట్లోకి నడిచి
ముప్పయ్యేళ్లు కిక్కురుమనకుండా నెమరువేసింది.
దాన్ని ఆపే టీకా లేదు, తోలేసే బిళ్లలున్నాయి.
పన్నెండు వారాలు మింగింది.
ఆ ఖాళీ డబ్బాలో ఇప్పుడు బొత్తాలు దాచుకుంటోంది.

"దీనిది పోయింది," అన్నాడు. "నాది?"

మీది బీ.
అరవైమూడేళ్ల కిందట, చలికాలపు విడిదిలో,
అమ్మ నెత్తుట్లో తడిసి నేలమీద పడ్డ గంటనే ఎక్కి ఉంటుంది.
పాలతో కాదు. ముద్దుతో కాదు. ఆమెకు తెలియనే తెలియదు.
దాని వీపుమీద ఇంకొకటి, డీ.
సగం ప్రాణి. సొంత చొక్కా లేదు.
బీ చొక్కా తొడుక్కుంటే తప్ప గడప దాటలేదు.
ఒంటరిగా వస్తే చలికి చచ్చేదే.
రెండూ కలిశాయంటే

ఆపేశాను.
ఈయన గొర్రెను కోసినప్పుడు చూశాను:
కాలేయాన్ని వెలుతురుకి పట్టి, మచ్చలు చూసి,
అది ఏ లోయలో మేసిందో చెప్పేస్తాడు.
వేల కాలేయాలు చదివినవాడు
తనది చదవమని నా కాగితం వైపు చూస్తున్నాడు.

"గట్టిపడుతోంది. ఇంకా రాయి కాలేదు.
మందుంది, ఆనక తోలడానికి కాదు, కట్టెయ్యడానికి.
సారా ఒక్క చుక్క వద్దు."
"చుక్కలు ఎప్పుడు తాగాను," అన్నాడు, "సీసాలే."
సెవెల్మా గరిట విసిరినంత పని చేసింది.

తర్వాత చాలాసేపటికి, పొయ్యి వైపు చూస్తూ,
"కోడలికి నెలలు నిండాయి," అన్నాడు.
"పుట్టిన రోజునే టీకా వేస్తాం.
బీకి తలుపు మూస్తే డీ బయటే ఉండిపోతుంది.
ఒకటే గడియ, ఇద్దరు దొంగలు."

లేచేటప్పుడు గమనించాను:
నడుముకి వేలాడే నశ్యం బుడ్డి.
అతిథికి చాచాల్సింది. చాచలేదు.
ఏడాదిగా ఎవరికీ చాచడం లేదట.
నేనే కుడిచెయ్యి చాచాను.
అర్థంకానట్టు నటించాడు.
"గిన్నెలో లేదు, దగ్గులో లేదు. ఈ బుడ్డిలోనూ లేదు."

పట్టుసంచి ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

జీపులో కూర్చుని ఆయన రక్తం సీసామీద
రెండక్షరాలు రాశాను, వంకరగా,
తుమ్ములు ఆగక.