మల్లెపూలు కట్టిన చోట

రెండు మూరలు.
మా అత్త వన్నూరమ్మే తెచ్చింది
బస్టాండు కాడ బేరమాడి.
తలలోకి కాదు.
రొమ్ముల చుట్టూ చుట్టి
పైన పాత పంచె గుడ్డ బిగించి ముడేసింది.
"మూడు దినాలు ఓర్చుకో అమ్మీ,
పాలు వాటంతట అవే వెనక్కి పోతాయి."

మూడో నెలకే నేను మిషను మీదికి పోవాల.
జీన్సుకు జోబీ కుడితే ఇంత, జిప్పు కుడితే ఇంత.
రాయదుర్గంలో మా వీధంతా నీలమే,
కాలవ నీలం, గోళ్ళ సందులు నీలం,
తుమ్మితే రుమాలు మీద కూడా నీలం.

పూలు వాడేకొద్దీ రొమ్ములు రాళ్ళయినాయి.
జ్వరంలో ఆ వాసన,
పెండ్లినాటి రాత్రి వాసనే,
పులిసిపోయి.
నాలుగోనాడు గుడ్డ విప్పితే
అన్నీ మెత్తబడినాయి,
పూలూ, నేనూ.

పాపకు డబ్బా పాలు పడలేదు.
పొడి మిగలాలని నీళ్ళు ఎక్కువ పోసినామో,
సీసా సరిగ్గా కాగలేదో,
ఒక్క పగట్లో తొమ్మిది సార్లు గుడ్డలు మార్చినాం.
పెద్దాసుపత్రిలో సూదికి
కాలిలో నరం దొరక్క
తలలో వెతికినారు.
తూకం మూడు కిలోల తొమ్మిది వందలు.
ఆ అంకె చదివిన నర్సు కుళ్లాయమ్మ
నా పక్క చూడకుండానే అడిగింది:
"రొమ్ము మాన్పించి ఎన్నాళ్ళు?"
"నలభై దినాలు."
"నలభయ్యేనా" అనింది,
బస్సు ఇంకా స్టాండు దాటలేదన్నట్టు.

ఎండిన బోరు మళ్ళా పోస్తాదా, అని అత్త.
మా పక్క ఏ మాటకైనా బోరే సామెత.
"బోరుకు నోరు లేదు పెద్దమ్మా,
నీ మనవరాలికి ఉండాది."

దారమంత సన్నని గొట్టం.
ఒక కొస స్టీలు గ్లాసులో, డబ్బా పాలల్లో.
రెండో కొస నా చనుమొన పక్కన
ప్లాస్టరు ముక్కతో.
పాలు గ్లాసువి, నోరు నా మీద.
"ఇది మోసం గదా సిస్టరూ?"
"ఎవురికి? పాపకా, నీకా?"
ఇప్పటికీ జవాబు చెప్పలేదు నేను.

మొదటి మూడు దినాలు
పాప వీపు విల్లు చేసి అరిచింది,
సంతలో పరాయిదాని చేతికిచ్చినట్టు.
రెండు గంటలకొకసారి.
రాత్రి రెండింటికి, మళ్ళా నాలుగింటికి.
ఎర్రిస్వామి గ్లాసు పట్టుకుని
కూర్చునే కునుకు తీస్తాడు, చెయ్యి మాత్రం కదలదు.
పైకెత్తితే జోరు, దించితే నిదానం,
లారీ గేర్ల మాదిరి నేర్చుకున్నాడు.
ఆయన లోడుకు పోయిన రాత్రుల్లో
గ్లాసు అత్త పట్టుకుంది.
వెల్లుల్లి కాల్చి పెట్టింది, మెంతుల గంజి తాపింది,
పూల ఊసు మాత్రం ఎత్తలేదు.

పదమూడో దినం.
ఇంటికి తెచ్చుకున్న ముక్కలు కుడతాంటే
పక్కింట్లో ఎవరి బిడ్డో ఏడిచింది.
రవికె ముందర తడి,
రూపాయి బిళ్ళంత.
చెమట అనుకున్నా, ఎండకాలం గదా.
వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నా.
ఉప్పు లేదు.

మిషను ఆపి
చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగినా.
నీలం పోలేదు.
అట్లే ఎత్తుకున్నా.

పూర్తిగా రాలేదు, అబద్ధమెందుకు.
గ్లాసు ఇంకా ఉండాది, రోజుకు రెండుసార్లు.
గొట్టం కడిగి దండెం మీద ఆరేస్తా
కత్తిరించిన ప్యాంటు కాళ్ళ పక్కన.
ఈ సోమవారం తూకం చూసి
కుళ్లాయమ్మ అంకె చదవలేదు,
చీటీ మీద రాసి నా చేతిలో పెట్టింది.
రవికెలో దాచుకుంటే
సాయంత్రానికి సిరా అలికిపోయింది.

నిన్న ఎర్రిస్వామి ఒక మూర మల్లెలు తెచ్చినాడు.
ఆయనకు తెలీదు,
ఆ మూడు దినాలూ బళ్ళారి రోడ్డు మీద ఉన్నాడు.
పొట్లం విప్పగానే
పాప చీకడం ఆపి ముక్కు ఎగరేసింది.
అత్త గబాల్న లేచి పూలు లాక్కుంది.
పట్టుకుని అటు తిరిగింది, ఇటు తిరిగింది,
యాడ పెట్టాలో తెలీక,
కడకు వాకిట్లో
నీళ్ళ డ్రమ్ము మూత మీద పెట్టి వచ్చి
ఏమీ మాట్లాడకుండా
గ్లాసు అందుకుంది.

పాప మళ్ళా పట్టుకుంది.